నిప్పులు కక్కే కొండ కథ

భూదేవంత ఓర్పు అంటూ వుంటాం. తొక్కినా, దున్నినా, గునపాలు పెట్టి తవ్వినా పల్లెత్తు మాట అనదు కనుక భూమికి ఆ పేరు వచ్చింది. కాని ఆ ఓర్పుకీ ఒక హద్దు వుందని జపాన్, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, ఇటలీ, మెక్సికో దేశాలవాళ్లు అనుభవంమీద తెలుసుకున్నారు. అక్కడ భూమి అప్పుడప్పుడూ నోరు తెరుస్తుంది. తెరిచిందంటే ఊళ్లకు ఊళ్లే మాయమవుతాయి.

"నిజమే గాని, మన తెలుగునాట అగ్నిపర్వతాలు లేవు గదా, ఆ గొడవ మనకెందుకు?" అని మిత్రులెవరైనా అడగవచ్చు. ఇప్పుడు లేవన్న మాట నిజం. కాని రాజమండ్రి చుట్టుపక్కల రోడ్లకి పరిచే నల్లకంకర ఒకనాడు ఎర్రగా కాగి ప్రవహించిన లావా. వికారాబాద్, జహీరాబాద్, ఆదిలాబాద్ ప్రాంతాల నల్లరేగడి నేల ఆ లావా చివికి మట్టి కాగా ఏర్పడినదే. నంద్యాల జిల్లాలో ఒక పల్లెటూరి నేలకింద ఎక్కడో సముద్రానికి అవతల పేలిన కొండ బూడిద పొరలు పొరలుగా వుంది. కాబట్టి ఈ కథ మనది కూడాను. ముందు కొండ ఎలా పుడుతుందో చూసి, తరువాత మన నేలకి వద్దాం.

పొలంలో పుట్టిన కొండ

అగ్నిపర్వతం పుడుతుండగా మనిషి కళ్లారా చూడటం చాలా అరుదు. ఆ అదృష్టమో దురదృష్టమో మెక్సికో దేశపు రైతు ఒకాయనకి పట్టింది. ఆయన పేరు డియోనిసియో పులిడో. 1943 ఫిబ్రవరి 20న పరీకుటిన్ అనే ఊరి దగ్గర తన మొక్కజొన్న పొలంలో పని చేసుకుంటున్నాడు. అంతకు కొన్ని వారాల ముందునుంచీ ఆ చుట్టుపక్కల నేల అదురుతూనే వుంది. ఆ మధ్యాహ్నం పొలంలో ఒక చీలిక కనిపించింది. నేల ఉబ్బింది. బుసకొట్టినట్టు చప్పుడు, గంధకం వాసన, సన్నగా పొగ. రాత్రికి ఎర్రగా కాలిన రాళ్లు ఎగిరిపడటం మొదలైంది.

వారం తిరిగేసరికి ఆ పొలంలో 100 మీటర్లకు మించిన గుట్ట వుంది. ఏడాది గడిచేసరికి అది 330 మీటర్లు దాటింది. 1944లో లావా నెమ్మదిగా పాకుతూ వచ్చి సాన్ హువాన్ పరంగరికుటిరో అనే పట్టణాన్ని కప్పేసింది. జనం ముందే ఖాళీ చేశారు. గట్టిపడిన నల్లలావా మధ్యనుంచి ఆ ఊరి చర్చి గోపురం ఈనాటికీ తలెత్తి నిలబడి వుంది. 1952లో ఆ కొండ చల్లారింది. అప్పటికి దాని ఎత్తు 424 మీటర్లు. పుట్టుక, పెరుగుదల, చావు అన్నీ తొమ్మిదేళ్లలో అయిపోయాయి. అన్ని అగ్నిపర్వతాలూ ఇంత తొందరగా పని ముగించుకోవు. కొన్ని లక్షల ఏళ్లు బతుకుతాయి. కాని జరిగే పని మాత్రం ఇదే: లోపలి రాయి బయటికి రావటం, వచ్చినది వచ్చిన చోటే పోగుపడటం.

లోపల నిప్పుల సముద్రం వుందా?

మనం నిలబడిన నేలకింద అంతా కరిగిన రాయి సలసల కాగుతూ వుంటుందనీ, ఎక్కడ చిల్లు పడితే అక్కడ పైకి చిమ్ముతుందనీ చాలామంది అనుకుంటారు. ఇది పొరపాటు. భూమి పైపొరని భూపటలం అంటారు. దాని మందం సముద్రాల కింద 7 కిలోమీటర్ల దాకా, ఖండాల కింద సగటున 35 కిలోమీటర్లు. దానికింద ప్రావారం అనే పొర 2,900 కిలోమీటర్ల లోతుదాకా వుంది. ఈ ప్రావారం ద్రవం కాదు, గట్టి రాయి. అయితే విపరీతమైన వేడివల్ల లక్షల సంవత్సరాల కాలంలో మైనంలాగా మెల్లగా కదలగలదు.

మరి అంత వేడిలో వున్న రాయి కరగకుండా ఎలా వుంది? జవాబు మన వంటింట్లోనే వుంది. ప్రెషర్ కుక్కర్లో నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరగవు. పైన ఒత్తిడి వుంది కనుక ఇంకా వేడెక్కాలి. అలాగే ప్రావారంలోని రాయి మీద ఎన్నో కిలోమీటర్ల మందాన రాళ్ల బరువు వుంది. ఆ బరువు దాన్ని కరగనివ్వదు. కనుక రాయి కరగాలంటే మూడే మార్గాలు: పైన ఒత్తిడి తగ్గాలి, లేదా కరిగే ఉష్ణోగ్రతని తగ్గించే వస్తువు ఏదైనా చేరాలి, లేదా వేడి ఇంకా పెరగాలి. ప్రపంచంలోని అగ్నిపర్వతాలన్నీ ఈ మూడింటిలో ఏదో ఒక కారణానికి, లేదా ఒకటికి మించిన కారణాలు కలిసి పుట్టినవే.

మొదటిది ఒత్తిడి తగ్గటం. భూమి పైభాగం కొన్ని పెద్ద పలకలుగా చీలి వుంది. ఈ పలకలు ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున, మన గోళ్లు పెరిగేంత వేగంతో, కదులుతూ వుంటాయి. సముద్రాల నడుమ రెండు పలకలు ఒకదాన్నొకటి విడిచి దూరంగా జరిగేచోట కింది ప్రావారం పైకి లేస్తుంది. లేచేకొద్దీ బరువు తగ్గుతుంది, కొంతభాగం కరుగుతుంది. సముద్రగర్భంలో ఇలాంటి చీలిక వెంట లేచిన పర్వతపంక్తి సుమారు 65,000 కిలోమీటర్ల పొడవున భూగోళాన్ని చుట్టి వుంది. సముద్రంలో బడబాగ్ని వుంటుందని మన పెద్దలు చెప్పిన మాట వినివుంటారు. వాళ్లు ఏ అర్థంలో అన్నా, భూమ్మీద బయటికొచ్చే లావాలో ఎక్కువభాగం నీళ్ల కిందే వస్తుందన్నది మాత్రం యథార్థం. ఆ పర్వతపంక్తి నీటిపైకి తేలి కనిపించే చోటు ఐస్‌లాండు.

రెండోది నీళ్లు చేరటం. ఐస్‌క్రీం బండివాడు ఐసుగడ్డల్లో ఉప్పు వేస్తాడు. ఉప్పు తగిలిన ఐసు సున్నా డిగ్రీలకంటే కిందనే కరుగుతుంది. రాయి విషయంలో ఉప్పు చేసే పని నీళ్లు చేస్తాయి. ఒక సముద్రపు పలక మరో పలక కిందికి దూరేచోట, తనతోపాటు తడిసిన మట్టినీ, నీరు పట్టిన ఖనిజాలనూ లోతుకి తీసుకుపోతుంది. సుమారు 100 కిలోమీటర్ల లోతున ఆ నీరు విడుదలై పైనున్న ప్రావారంలోకి ఎక్కుతుంది. అంతదాకా కరగని రాయి అప్పుడు కరుగుతుంది. పసిఫిక్ మహాసముద్రం చుట్టూ వలయంలాగా వున్న అగ్నిపర్వతాలు, ఇండోనేషియా ద్వీపాలు, మన అండమాన్‌లోని బారెన్ దీవి ఈ జాతివే.

మూడోది, లోతునుంచి అమితమైన వేడితో రాయి స్తంభంలాగా పైకి లేవటం. దీన్ని తప్తస్థానం అంటారు. పలకల అంచులతో దీనికి సంబంధం లేదు. పసిఫిక్ నడిబొడ్డున వున్న హవాయి దీవులు దీనికి ఉదాహరణ. స్తంభం దాదాపు వున్నచోటే వుంటుంది. పైన పలక జరుగుతూ పోతుంది. కదిలే కాగితం కింద కొవ్వొత్తి పెడితే వరసగా మచ్చలు పడతాయి చూశారూ, అలాగే వరసగా దీవులు ఏర్పడతాయి. అందుకే హవాయి దీవుల వరసలో ఒక చివర కొత్తది, రెండో చివరికి వెళ్లేకొద్దీ పాతవి.

గోలీసోడా, బెల్లంపాకం

భూగర్భంలో కరిగిన రాయిని మాగ్మా అంటాం. బయటికి వచ్చి ప్రవహిస్తే దాన్నే లావా అంటాం. మాగ్మా చుట్టూ వున్న రాతికంటే తేలిక కనుక పైకి తేలుకుంటూ వచ్చి, భూమికి కొన్ని కిలోమీటర్ల లోతున గదిలాంటి చోట నిలవ వుంటుంది. అక్కడ వందల, వేల సంవత్సరాలు కూడా వుండవచ్చు. మరి ఒకనాడు ఎందుకు పేలుతుంది?

గోలీసోడా కొట్టించుకోని విద్యార్థి వుండడు. మూతి బిగించి వున్నంతసేపూ సీసాలో బుడగ కనిపించదు. బొగ్గుపులుసు వాయువు నీళ్లలో కరిగిపోయి వుంటుంది. గోలీ లోపలికి నొక్కగానే ఒత్తిడి పోతుంది. గాలి బుడగలై నురుగు పైకి తన్నుకొస్తుంది. మాగ్మాలోనూ నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు, గంధక వాయువులు అలాగే కరిగి వుంటాయి. మాగ్మా పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి బుడగలు పుడతాయి. బుడగలు పుట్టినకొద్దీ మాగ్మా ఇంకా తేలికై ఇంకా వేగంగా లేస్తుంది. దాంతో ఇంకా బుడగలు. ఒక హద్దు దాటాక దాన్ని ఆపటం ఎవరితరమూ కాదు. అంటే కొండని పేల్చేది నిప్పు కాదు, గాలి.

అయితే కొన్ని కొండలు మెల్లగా లావా కారుస్తాయి, కొన్ని బాంబులాగా పేలతాయి. ఈ తేడా మాగ్మా చిక్కదనాన్ని బట్టి వస్తుంది. మన అమ్మలు బెల్లంపాకం పట్టటం చూసే వుంటారు. లేతపాకం గరిటెనుంచి జారిపోతుంది. ముదురుపాకం సాగుతుంది, కదలదు. మాగ్మాలో పాకాన్ని ముదిర్చేది సిలికా. సిలికా సగం దాకా వుండి, 1,100 నుంచి 1,200 డిగ్రీల సెంటీగ్రేడు వేడి వుంటే అది లేతపాకం. దాన్నించి బసాల్టు అనే నల్లరాయి వస్తుంది. సిలికా నూటికి 70 దాటి, వేడి 800 డిగ్రీల చుట్టుపక్కల వుంటే అది ముదురుపాకం. లేతపాకంలో బుడగలు హాయిగా పైకి తేలి పగిలిపోతాయి. లావా ఏరులాగా పారుతుంది. ముదురుపాకంలో బుడగ బయటికి పోలేదు. లోపలే ఉబ్బి, ఉబ్బి, చివరికి మొత్తం రాయినే తుత్తునియలు చేస్తుంది.

అలా తునిగిన రాతిపొడినే అగ్నిపర్వత బూడిద అంటున్నాం. పేరుకి బూడిదే గాని ఇందులో కట్టె కాలిన బూడిద లక్షణం ఒక్కటీ లేదు. ఇవి సన్నని గాజుపెంకులు. నీళ్లలో కరగవు, ఊపిరితిత్తులకి చేటు, తడిస్తే కాంక్రీటులాగా బరువెక్కుతాయి. బూడిద, వేడివాయువులు కలిసి ఆకాశంలోకి 20, 30 కిలోమీటర్లు లేస్తాయి. ఒక్కొక్కసారి ఆ స్తంభం నిలబడలేక కుప్పకూలి కొండవాలు వెంట గంటకి 100 కిలోమీటర్లు మించిన వేగంతో దొర్లుకుంటూ వస్తుంది. దాని వేడి వందల డిగ్రీలు. 1902 మే 8న మార్టినిక్ దీవిలో పెలే అగ్నిపర్వతం నుంచి ఇలాంటి మేఘమే దిగి సాన్ పియేర్ పట్టణాన్ని నిమిషాల్లో మసిచేసింది. సుమారు 28,000 మంది చనిపోయారు. లావానుంచి మనిషి నడిచి తప్పుకోవచ్చు. దీన్నుంచి కారులో వెళ్లినా తప్పుకోవటం కష్టం.

కట్టుకోవటం, కూల్చుకోవటం

ఇక కొండ పెరిగే తీరు చూద్దాం. బయటికి వచ్చిన సరుకు ఎలాంటిదో కొండ ఆకారమూ అలాంటిదే.

లేతపాకం లావా దూరం పారి పలచగా పరుచుకుంటుంది. పొరమీద పొర, పొరమీద పొర, లక్షల ఏళ్లు. అలా ఏర్పడిన కొండ బోర్లించిన డాలులాగా విశాలంగా, తక్కువ వాలుతో వుంటుంది. హవాయిలోని మౌనాలోవా సముద్రమట్టానికి 4,169 మీటర్ల ఎత్తు. కాని దాని పాదం సముద్రగర్భంలో వుంది. అక్కడినుంచి కొలిస్తే సుమారు 9 కిలోమీటర్లు, అంటే ఎవరెస్టుకి ఏమీ తీసిపోదు. 1984 తరువాత 38 ఏళ్లు ఊరుకుని 2022లో అది మళ్లీ లావా వెళ్లగక్కింది.

ముదురు మాగ్మా వున్నచోట ఒకసారి బూడిద, మరొకసారి లావా వస్తాయి. బూడిద ఇసుకలాగా, కంకరలాగా పోగుపడుతుంది. లావా సిమెంటులాగా దాన్ని పట్టి వుంచుతుంది. అలా నిటారుగా, అందంగా పెరిగినవే జపాన్‌లోని ఫ్యుజి (3,776 మీటర్లు), ఫిలిప్పీన్స్‌లోని మయోన్ వంటి శిఖరాలు. వీటిని మిశ్రమ శంకువులు అంటారు. బొమ్మల్లో మనం గీసే అగ్నిపర్వతం ఇదే. ఇక కేవలం నురుగు రాళ్లు, రాతిముక్కలు గొట్టం చుట్టూ పోగుపడితే పరీకుటిన్‌లాంటి చిన్న గుట్ట తయారవుతుంది.

అందం ఎంత వున్నా ఈ కొండలు తమను తాము కూల్చుకుంటాయి కూడాను. అమెరికాలోని సెయింట్ హెలెన్స్ 1980 వసంతంలో ఉత్తరంవైపు రోజుకి మీటరున్నర, రెండు మీటర్ల చొప్పున ఉబ్బింది. మే 18న ఒక భూకంపంతో ఆ పక్కంతా జారిపోయింది. మూత తీసిన సోడాలాగా లోపలి మాగ్మా పక్కకి పేలింది. 57 మంది చనిపోయారు. 2,950 మీటర్ల శిఖరం 2,549 మీటర్లకు దిగిపోయింది.

పేలుడు ఇంకా పెద్దదైతే కింది గది ఖాళీ అయి, పైకప్పు ఆధారంలేక లోపలికి కుంగిపోతుంది. కొండ వున్నచోట పెద్ద గుంట మిగులుతుంది. దీన్ని కాల్డెరా అంటారు. 1815లో ఇండోనేషియాలోని తంబోరా ఇలాగే కూలి 4,000 మీటర్లు దాటిన శిఖరాన్ని పోగొట్టుకుంది. ఇప్పుడు 2,850 మీటర్లే వుంది. అది ఆకాశంలోకి పంపిన గంధక వాయువు సూర్యరశ్మిని అడ్డగించటంతో 1816లో యూరప్, ఉత్తర అమెరికాల్లో వేసవి రాలేదు, పంటలు పోయాయి. 1883 ఆగస్టు 27న క్రకటోవా పేలినప్పుడు ఆ చప్పుడు 4,800 కిలోమీటర్ల దూరాన హిందూ మహాసముద్రంలోని రోడ్రిగ్స్ దీవిలో వినిపించింది. 36,000 మందికి పైగా, ఎక్కువగా సునామీవల్ల, చనిపోయారు. కొండ మునిగిపోయింది. అంతటితో కథ అయిపోయిందా? లేదు. 1927లో అదే చోట నీళ్లలోనుంచి కొత్త కొండ తల ఎత్తింది. అక్కడివాళ్లు దానికి అనక్ క్రకటావ్ అని, అంటే క్రకటోవా బిడ్డ అని, పేరు పెట్టారు. ఆ బిడ్డ పెరిగి 300 మీటర్లు దాటి, 2018 డిసెంబరు 22న ఒక పక్క సముద్రంలోకి జారి సునామీ తెచ్చింది. 400 మందికి పైగా బలైపోయారు. ఇప్పుడు మళ్లీ పెరగటం మొదలుపెట్టింది.

మన నేలమీది జాడలు

అన్ని అగ్నిపర్వతాలకీ కొండ ఆకారం వుండాలని లేదు. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట దక్కనులో నేల పొడుగాటి చీలికలుగా విచ్చుకుంది. లేతపాకం లావా ఆ చీలికలనుంచి వరదలాగా పొంగి వందల కిలోమీటర్లు పారింది. ఒక వరద చల్లారాక మరొక వరద. కోతకి గురైన తరువాత కూడా ఈనాడు దాని విస్తీర్ణం సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్లు. పశ్చిమ కనుమల్లో దాని మందం 2 కిలోమీటర్ల దాకా వుంది. మెట్లు మెట్లుగా కనిపిస్తుంది గనుక స్వీడిష్ భాషలో మెట్లు అనే అర్థంవున్న మాటనిబట్టి వీటికి ట్రాప్స్ అని పేరు వచ్చింది. తెలంగాణా పడమటి, ఉత్తర సరిహద్దుల్లో వున్న నల్లరాయి ఈ దక్కను ట్రాప్స్ తూర్పు అంచు. డైనోసార్లు అంతరించింది ఇంచుమించు ఆ కాలంలోనే. మెక్సికో తీరాన పడిన పెద్ద ఉల్క ప్రధాన కారణమని ఎక్కువమంది శాస్త్రజ్ఞుల మతం; దక్కను లావా వాయువుల పాత్ర ఎంత అనే చర్చ సాగుతూనే వుంది.

చిత్రం ఏమంటే, ఆ అంచుకి ఎంతో దూరంగా, గోదావరి ఒడ్డున రాజమండ్రి దగ్గర కాతేరులోనూ, అవతలి ఒడ్డున పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు దగ్గరా అదే రకం బసాల్టు వుంది. వయసు కలిసింది, రసాయనిక లక్షణాలు కలిశాయి. పడమట పుట్టిన లావా పాత నదీలోయలు పట్టుకుని వెయ్యి కిలోమీటర్ల దాకా పారి సముద్రపుటొడ్డుకి చేరి వుంటుందని చాలామంది భూవిజ్ఞానుల అభిప్రాయం. అదే నిజమైతే ప్రపంచంలో మనకి తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో అది ఒకటి. రెండు ప్రవాహాల నడుమ సున్నపురాతి పొర, అందులో నత్తగుల్లల శిలాజాలు వున్నాయి. ఒక వరద చల్లారి మరొకటి వచ్చేలోపల అక్కడ ప్రాణులు బతికాయని అవి సాక్ష్యం చెబుతున్నాయి.

ఆ లావాకి మూలమనుకునే తప్తస్థానం ఆరిపోలేదు. భారతదేశపు పలక ఉత్తరానికి జరిగిపోయింది. పొయ్యి దక్షిణాన మిగిలిపోయింది. దాని దారిలోనే లక్కదీవులు, మాల్దీవుల కింది సముద్రగర్భ గట్టు ఏర్పడింది. తరువాత మారిషస్ దీవి పుట్టింది. ప్రస్తుతం అది రీయూనియన్ దీవికింద వుంది. అక్కడి పితోన్ ద లా ఫూర్నేజ్ తరచు లావా కక్కుతూ వుంటుంది. 19వ శతాబ్దంలో కోరంగి మొదలైన రేవులనుంచి ఓడలెక్కి చెరకుతోటల పనికి మారిషస్ వెళ్లిన మన తెలుగువాళ్లు గోదావరి ఒడ్డు నల్లరాతిని వదిలి, దాని తోబుట్టువైన నల్లరాతిమీదే కాపురం పెట్టారన్నమాట!

ఇక ఆ పల్లెటూరు సంగతి. బనగానపల్లె దగ్గర జుర్రేరు లోయలో జ్వాలాపురం అని ఒక ఊరుంది. అక్కడ నేలలో తెల్లని బూడిద పొర కొన్నిచోట్ల రెండు మీటర్లకు మించి వుంది. సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రా దీవిలోని తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా గాలిలో ఎగిరివచ్చి రాలి, వానలకి లోయలో పోగుపడినది ఆ బూడిద. తోబా కాల్డెరా ఇప్పుడు 100 కిలోమీటర్ల పొడవైన సరస్సు. జ్వాలాపురంలో పురాతత్వ శాస్త్రజ్ఞులు తవ్వితే బూడిద పొరకి కిందా, పైనా కూడా మనుషులు చేసిన రాతిపనిముట్లు దొరికాయి. 2007లో ఈ ఫలితాలు ప్రకటించారు. అంత ఉత్పాతం తరువాత కూడా ఆ లోయలో మనిషి మళ్లీ పనిముట్టు పట్టుకున్నాడన్నది అక్కడి మట్టి చెప్పే మాట.

నేడు మన దేశంలో నిజంగా మండుతున్న అగ్నిపర్వతం బారెన్ దీవి ఒక్కటే. పోర్ట్ బ్లెయిర్‌కి, అంటే ఇప్పటి శ్రీ విజయపురానికి, ఈశాన్యంగా 140 కిలోమీటర్ల లోపున సముద్రంలో వుంది. 1832 తరువాత దాదాపు 160 ఏళ్లు మౌనంగా వుండి 1991లో మేల్కొంది. ఆ పిమ్మట ఎన్నోసార్లు పొగ, లావా వెలువరించింది. జనావాసం లేదు గనుక అపాయం తక్కువ. ఒక కొండ చచ్చిపోయిందని తొందరపడి తీర్మానించరాదనటానికి ఇది మంచి నిదర్శనం.

రెండు కొండలు, రెండు ఫలితాలు

అసలు ముందుగా చెప్పగలమా? ఫలానా తారీఖు, ఫలానా గంట అని ఏళ్లముందు చెప్పటం ఎవరివల్లా కాదు. కాని మాగ్మా పైకి వచ్చేటప్పుడు చప్పుడు చెయ్యకుండా రాదు. రాళ్లను పగలగొట్టుకుంటూ వస్తుంది కనుక చిన్న చిన్న భూకంపాలు వస్తాయి. కొండ ఉబ్బుతుంది. గంధక వాయువు ఎక్కువవుతుంది. ఇవన్నీ కొలవటానికి పరికరాలున్నాయి. మరి పరికరాలు చెప్పిన సంగతి ఎవరికి చేరింది, ఎప్పుడు చేరింది అన్నదే ప్రాణాలకి సంబంధించిన ప్రశ్న.

కొలంబియాలో నెవాడో దెల్ రూయిజ్ మంచుతో కప్పిన అగ్నిపర్వతం. 1985లో ఏడాదిపాటు అది సూచనలిస్తూనే వుంది. అక్టోబరులో శాస్త్రజ్ఞులు ప్రమాద ప్రాంతాల పటం తయారుచేశారు. ఆర్మెరో పట్టణం ప్రమాదంలో వుందని ఆ పటంలో స్పష్టంగా వుంది. ఆ ఊరు కట్టింది కూడా 1845లో వచ్చిన బురదవరద మేటమీదనే. నవంబరు 13 సాయంత్రం ఊళ్లో బూడిద రాలింది. కంగారు పడవద్దని జనానికి చెప్పారు. రాత్రి 9 దాటాక పేలుడు జరిగింది. పెద్దదేమీ కాదు. కాని మంచు కరిగి, బూడిదతో కలిసి బురదై, లోయల వెంట రెండుగంటలకు పైగా ప్రయాణించి ఆర్మెరో మీద పడింది. సుమారు 23,000 మంది చనిపోయారు. నడిచి వెళ్లగల దూరంలోనే ఎత్తైన గుట్టలున్నాయి. రెండుగంటల వ్యవధీ వుంది. మాట ఒక్కటే చేరలేదు.

ఈ ఘోరం చూసి ఫ్రెంచి శాస్త్రజ్ఞ దంపతులు మోరిస్ క్రాఫ్ట్, కాతియా క్రాఫ్ట్ ఒక నిశ్చయానికి వచ్చారు. ఎన్నో కొండల అంచులదాకా వెళ్లి తీసిన తమ చిత్రాలతో, బురదవరద అంటే ఏమిటో, వేడిమేఘం అంటే ఏమిటో చదువురానివాడికి కూడా అర్థమయ్యే ఫిలిం తయారుచేశారు. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటూబో అగ్నిపర్వతం 500 ఏళ్ల నిద్ర తరువాత ఏప్రిల్‌లో కదిలింది. చుట్టుపక్కల లక్షలమంది జనం. అది అగ్నిపర్వతమన్న సంగతే చాలామందికి తెలియదు. ఫిలిప్పీన్స్, అమెరికా శాస్త్రజ్ఞులు పరికరాలు బిగించారు. అధికారులకీ, ప్రజలకీ ఆ ఫిలిం చూపించారు. చూసినవాళ్లు నమ్మారు. వేలకువేల జనం కదిలారు.

జూన్ 15న పినటూబో పేలింది. 20వ శతాబ్దంలోని అతిపెద్ద పేలుళ్లలో అది రెండోది. సరిగ్గా ఆ రోజే తుఫాను కూడా వచ్చింది. తడిసిన బూడిద బరువుకి ఇళ్లకప్పులు కూలి 300 మందికి పైగా చనిపోయారు. అయినా ముందే ఖాళీ చేయించటంవల్ల కనీసం 5,000 ప్రాణాలు దక్కాయని అంచనా. అది విడిచిన గంధక వాయువువల్ల మరుసటేడు ప్రపంచపు సగటు ఉష్ణోగ్రత అర డిగ్రీ దాకా తగ్గింది.

ఆ విజయాన్ని చూడటానికి క్రాఫ్ట్ దంపతులు లేరు. పన్నెండు రోజుల ముందు, జూన్ 3న, జపాన్‌లోని ఉన్‌జెన్ అగ్నిపర్వతం దగ్గర చిత్రాలు తీస్తూ వేడిమేఘానికి చిక్కి మరో 41 మందితోపాటు చనిపోయారు. వాళ్లు తీసిన ఫిలిం మాత్రం ఆ రోజుల్లోనే ఎవరెవరి ఇళ్లనో ఖాళీ చేయిస్తూ వుంది.

చివరిమాట

అగ్నిపర్వతాన్ని కేవలం రాక్షసిగా చూడటం న్యాయం కాదు. మనం పీల్చే గాలిలో, తాగే నీటిలో కొంతభాగం ఆదికాలంలో వీటి నోళ్లలోనుంచి వచ్చిందే. జావా దీవిలో జనం ప్రమాదమని తెలిసీ కొండపాదాన్నే వుంటారంటే అక్కడి నేల బంగారం పండటమే కారణం. మన పత్తికి ప్రాణమైన నల్లరేగడి కూడా ఆ కానుకే. ఇచ్చేదీ అదే, తీసుకునేదీ అదే. ఎప్పుడు తీసుకుంటుందో కనిపెట్టి వుండటం మన పని.

సైన్సు చదువుకునే మిత్రులకి ఒక్క మనవి. ఆర్మెరోలో జ్ఞానం లోపించలేదు. పటం వుంది, పరికరం వుంది, హెచ్చరించిన మనుషులున్నారు. తెలిసినవాడికీ తెలియనివాడికీ నడుమ వంతెన లేదు. మనకి అగ్నిపర్వతాల భయం లేకపోవచ్చు. తుఫానులున్నాయి, గోదావరి కృష్ణ వరదలున్నాయి. ఉప్పెన వస్తుందని పటంలో గీత గీసినంతమాత్రాన పల్లెవాడు గుడిసె వదిలి కదలడు. అతనికి అర్థమయ్యే మాటలో, అతను నమ్మే మనిషి చెప్పాలి. ఆ మాట నేర్చుకోవటం కూడా చదువులో భాగమే. ఈసారి రోడ్డుపక్క నల్లకంకర గుట్ట కనిపిస్తే ఒక ముక్క చేతిలోకి తీసుకుని చూడండి. అందులో చిన్నచిన్న బొరియలు కనిపిస్తే, అవి 6 కోట్ల ఏళ్లనాటి సోడా బుడగలని పక్కనున్నవాడికి చెప్పండి. చెప్పటం అక్కడినుంచే మొదలుపెట్టవచ్చు.